వానల్లో కూడా నక్సీరేనా?

మా సెక్టారులో ఏ కుక్కకు ముక్కులోంచి రక్తం వచ్చినా ఈ మధ్య నాకు ఫోను చేస్తున్నారు. దయచేసి చేయకండి. కుక్కల ముక్కుల గురించి నాకేదో తెలుసన్న పేరు పొద్దున్న పార్కులో నడిచేవాళ్ళ మధ్య పుట్టింది. పుట్టించింది నేనే. ఆ పేరు నాది కాదని చెప్పడానికి, మా భూరాగాడి జబ్బు ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను. వాడు ఇప్పుడు బాగున్నాడు. లేకపోతే ఇది రాయడం నా వల్ల అయ్యేది కాదు.

భూరా అంటే హిందీలో గోధుమ రంగు. వాడి ఒళ్ళంతా అదే రంగు, ముక్కు మాత్రం బొగ్గు నలుపు. తల్లి మా వీధి కుక్కే. తండ్రి ఏదో ఆఫీసరు బంగళాలోని షెపర్డ్ అయి ఉంటాడని వీధిలో అనుమానం, ఎందుకంటే వాడి మూతి బాగా పొడుగు. నేను భిలాయి స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ మెయింటెనెన్సులో పనిచేస్తాను. మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చారు, నేను ఇక్కడే పుట్టాను. నా భార్య పార్వతిది శ్రీకాకుళం దగ్గర పల్లె. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చింది. ఆవిడ హిందీ బజారులో నేర్చుకున్న హిందీ. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా పొరపాటు ఒక హిందీ మాటతో మొదలైంది.

మే

భిలాయి ఎండల్లో పిల్లలకు ముక్కులోంచి రక్తం కారడం కొత్త కాదు. దాన్ని ఇక్కడ నక్సీర్ అంటారు. తెలుగు ఇళ్ళలో కూడా ఆ పేరే. చిన్నప్పుడు నాకు ఏటా వచ్చేది. మా అమ్మ తల మీద చన్నీళ్ళు పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించేది. ఆగిపోయేది. స్కూల్లో వస్తే మాస్టారు "నక్సీర్ హై, బైఠ్ జా" అని నీడలో కూర్చోబెట్టి పాఠం చెప్పుకుపోయేవారు. ఎవరూ కంగారు పడేవారు కాదు.

అందుకే ఒక మధ్యాహ్నం భూరా గట్టిగా తుమ్మి, గచ్చు మీద ఎర్రటి చుక్కలు పడినప్పుడు నా నోటికి ఆ మాటే వచ్చింది.

"నక్సీర్. ఎండకి. తల తడిపితే పోతుంది," అన్నాను.

"కుక్కలకి కూడా వస్తాదేటి?" అంది పార్వతి.

"మనుషులకి వస్తే కుక్కలకి రాదా?"

"ఏమో. ఒక్క వేపే కారతంది, సూడండి. ఎడం వేపే."

"ఎండేమైనా కొలిచి రెండు వైపులా సమానంగా పోస్తుందా?"

తువ్వాలు తడిపి వాడి తల మీద వేశాను. మంగలి ముందు కూర్చున్నవాడిలా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి రక్తం ఆగింది. నేను చెప్పినట్టే అయింది కదా అని పార్వతి వైపు చూశాను. ఆవిడ అప్పటికే వాడి గోనెపట్టా తెచ్చి కూలరుకు ఎదురుగా పరుస్తోంది, చల్లగా ఉంటుందని. పరుస్తూనే, కూలరులో గడ్డి పోయినేటిదని, వాసన వేస్తోందని, మార్చమని చెప్పింది. ఆదివారం మారుస్తానన్నాను. ఆ ఆదివారం రాలేదు.

జూన్ వచ్చేసరికి తుమ్ములు ఎక్కువయ్యాయి, వరండా గోడల మీద కూడా ఎర్రటి చుక్కలు పడేవి. ఎడమ ముక్కులోంచి చిక్కగా ఏదో కారేది, అప్పుడప్పుడు రక్తం జీరతో. ఆ కారే దారి పొడుగునా వాడి ముక్కు నలుపు వెలిసిపోయి లేత గులాబీ రంగు చార పడింది. అది పార్వతి చూసింది. నాకు చూపించింది.

"స్టీలు గిన్నెకి రాసుకుని ఉంటుంది," అన్నాను.

"గిన్నెకి రాసుకుంటే రెండు వేపులా పోవాల కదా."

"నీకు ఎప్పుడూ ఆ రెండు వైపుల గొడవేమిటి?"

ఆవిడ ఆ చార మీద రోజూ కొబ్బరినూనె రాసేది. తన చీర కొంగులోంచి ఒక నల్లదారం తీసి వాడి మెడకు కట్టింది కూడా, దిష్టి తగిలిందేమోనని. అది చూసి నేను నవ్వాను. ఇప్పుడు అనుకుంటే, ఆవిడ తనకు తెలిసినవన్నీ చేసి చూస్తోంది. నేను చేసింది నవ్వడమే.

ఇంకో సంగతి. నేను షిఫ్టు దిగి ఇంటికి వస్తే భూరా పరుగెత్తుకొచ్చి మూతి నా అరచేతిలో దూర్చేవాడు. ఆ రోజుల్లో దూర్చడం మానేశాడు. కాస్త దూరంలో నిలబడి తోక ఊపేవాడు. నేను చెయ్యి చాపితే మొహం పక్కకు తిప్పుకునేవాడు. షిఫ్టు మారింది కదా, అలిగాడు అని నవ్వుతూ అందరికీ చెప్పాను. వాడికి మూతి తాకితే నొప్పి. ఆ నొప్పితోనే వాడు తోక ఊపాడు.

జూలై

వానలు పడ్డాయి. ఎండ పోయింది కనుక జబ్బు కూడా పోయిందని నేను తీర్మానించుకున్నాను. గోడల మీద చుక్కలు కనిపించడం లేదు.

"చూశావా, గోడ ఎంత శుభ్రంగా ఉందో," అన్నాను ఒక రోజు.

పార్వతి నా మొహం వైపు అలా చూసి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత రెండు మూడు రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. నేను దాన్ని కూడా వానాకాలం చిరాకు అనుకున్నాను.

ఆ వారంలోనే ఫస్ట్ షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. వరండాలో కుర్చీ వేసి ఉంది, గోడకు ఎదురుగా. పార్వతి గుమ్మంలో నిలబడింది.

"కూకోండి," అంది.

"ఏమైంది?"

"దినామూ నేను తుడిసేత్తే మీకు శుభ్రంగా కనబడతంది. ఈ దినం తుడవలేదు. కూకోని సూడండి."

కూర్చున్నాను. గుమ్మం దగ్గర నుంచి కూలరు దాకా, కుక్క ఎత్తున, గోడ సున్నం మీద సన్నటి ఎర్రటి తుంపర. కొన్నిచోట్ల ఎండి గోధుమ రంగుకు తిరిగింది. కొన్నిచోట్ల ఇంకా తడిగా ఉంది. అది ఒక్క పూటది. అంతకుముందు వారాలదంతా ఆవిడ గుడ్డతో తుడిచి బకెట్లో పిండింది. భూరా ఆ గోడ కిందే పడుకుని ఉన్నాడు, ముక్కు తడి గచ్చుకు ఆనించి.

"వేసంకాలం పోనాది. వానలొచ్చీసినాయి," అంది పార్వతి. "వానల్లో కూడా నక్సీరేనా?"

పార్వతి ఊళ్ళో ఆ మాట లేదు. ముక్కంట రక్తం కారతంది అంటారు, అంతే. కంటికి కనబడేదే చెబుతారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి ఒక పేరు సిద్ధంగా ఉంది. పేరు దొరకగానే నేను చూడటం మానేశాను.

మర్నాడు నేను డ్యూటీలో ఉండగా ఆవిడే భూరాని ఆటో ఎక్కించుకుని పవర్ హౌస్ దగ్గరి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆటో అతను ముందు ఒప్పుకోలేదట. "భాభీ, కాటేగా తో నహీ?" అని అడిగాడట, కరవదు కదా అని. "నన్నే కరవలేదు, నిన్నేటి కరుస్తాది?" అని తెలుగులోనే అనేసిందట. అర్థమైందో లేదో, నవ్వి ఎక్కించుకున్నాడు. దారిలో భూరా తుమ్మితే తన మెడలో గంఛా, అంటే తువ్వాలు, తీసి వాడి మూతి కింద పరిచాడు. దిగాక ఉతికి ఇస్తానంటే, వద్దు, ఇలాగే ఇచ్చేయండి అన్నాడట. అతని పేరు మేము అడగలేదు.

ఆ డాక్టరు ముందుగా రక్తపరీక్ష చేయించారు. మన వైపు కుక్కలకు ముక్కులోంచి రక్తం వస్తే మొట్టమొదట అనుమానించాల్సింది పిడుదుల వల్ల వచ్చే జ్వరాన్నట. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. భూరాకు అది లేదని తేలింది. మందులకు కాస్త తగ్గి మళ్ళీ మొదలైంది. అప్పుడు ఆయన, లోపల చూడకుండా ఇక నేనేమీ చెప్పలేను, రాయపూర్‌లో ముక్కులో కెమెరా పెట్టి చూసే డాక్టరమ్మ ఉన్నారు, వెళ్ళండి అన్నారు. చెప్పలేనని చెప్పే డాక్టరు దొరకడం అదృష్టమని నాకు తర్వాత తెలిసింది.

ఆగస్టు

రాయపూర్ ఆసుపత్రి హాల్లో మా పక్కన ఒక ముసలామె పంజరంలో చిలకతో కూర్చుంది. ఛత్తీస్‌గఢీ ఆవిడ. "కా హోగే?" అంది భూరాని చూసి, ఏమైందని. పార్వతి తన బజారు హిందీలో నక్సీరు కాదు, ఇంకేదో అని చెప్పింది. ఆమె సంచిలోంచి ఠేఠరీ తీసి పార్వతి చేతిలో పెట్టింది. మన జంతికల్లాంటి శనగపిండి వంటకం అది. ఆ పొద్దున్న పార్వతి ఏమీ తినలేదు. నాకు ఆ సంగతి తెలియదు. ఆమెకు ఎలా తెలిసిందో.

డాక్టరు పేరు మాధురి. చరోదా రైల్వే కాలనీలో పెరిగిన తెలుగమ్మాయి.

"అంకుల్, నా తెలుగు కొంచెం గడ్‌బడ్. నవ్వకండి," అంది.

"మా ఇంట్లో అందరిదీ అంతేనమ్మా," అన్నాను.

"నాది కాదు," అంది పార్వతి.

ఆ అమ్మాయి నేల మీద కూర్చుని భూరాని తన దగ్గరికి రానిచ్చింది. పళ్ళు చూసింది, పంటి వేరు చెడినా ముక్కులోకి చీము వస్తుందట. మూతి ఎముక మీద వేళ్ళతో మెల్లగా నొక్కింది. ఎడమ వైపు నొక్కగానే వాడు వణికాడు కానీ మూలగలేదు. తర్వాత ఒక గాజు పలక తీసి వాడి ముక్కు ముందు పట్టుకుంది. రెండు వైపులా ఊపిరి ఆవిరి మచ్చలు పడ్డాయి. ఎడమ వైపుదే పెద్దది.

"జబ్బు ఉన్న వైపే గాలి బాగా ఆడుతోందే," అన్నాను. మంచి వార్తేమో అనుకున్నాను.

"అదే నాకు భయం, అంకుల్. గడ్డ పెరిగితే చాలాసార్లు దారి మూసుకుంటుంది. ఇక్కడ దారి ఖాళీ అవుతోంది. లోపల ఉండాల్సింది ఏదో తగ్గుతోంది."

అని, వాడి ముక్కు మీది గులాబీ చారను చూపించింది. "ఈ రంగు పోవడం ఎప్పటి నుంచి?"

"ఓ నెలగా," అన్నాను.

"కాదు. వేసంకాలం నుంచి," అంది పార్వతి. "ఎండలు ముదిరినప్పుడు మొదలయ్యింది. ముందు కింద అంచు, తర్వాత పైకి ఎగబాకింది. తుమ్మినప్పుడు ఎడం కాలితో మూతి గీరుకుంటాడు. కుడి కాలితో ఎప్పుడూ గీరుకోడు."

మాధురి తల తిప్పి పార్వతిని చూసింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆవిడనే అడిగింది. నేను గొలుసు పట్టుకుని నిలబడ్డాను.

బూజు, అంటే ఫంగస్, అయి ఉండవచ్చని, కానీ ఉత్త అనుమానంతో మందు వేయనని చెప్పింది. ముక్కులోంచి దూదిపుల్లతో తీసి చూస్తే తెలియదా అని అడిగాను. ఆ బూజు గింజలు గాలిలో ఎప్పుడూ ఉంటాయట, దుమ్ములో, తడి గడ్డిలో, మన ఇళ్ళన్నింటిలో. ఆరోగ్యమైన ముక్కులో కూడా దొరుకుతాయి, జబ్బున్న ముక్కులో ఒక్కోసారి దొరకవు. అందుకని ముందు స్కాన్, తర్వాత కెమెరా, దాంతో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడటం. అన్నీ ఒకే మాట చెబితేనే ఆ మాట అనాలి అంది.

స్కాన్ ఎందుకో చెప్పినప్పుడు పార్వతి నా మోచెయ్యి పట్టుకుంది. ముక్కుకీ మెదడుకీ మధ్య జల్లెడలాంటి పలచటి ఎముక ఒకటి ఉంటుంది. వాసన నరాలు ఆ జల్లెడ కంతల్లోంచే మెదడుకు వెళతాయి. బూజు గనక ఆ జల్లెడను తినేసి ఉంటే, ముక్కులో నింపే మందు మెదడుకు చేరుతుంది. అలాంటప్పుడు ఆ మందు వేయడం చాలా ప్రమాదం. జల్లెడ నిలిచి ఉంటే వాడు బతికే అవకాశం బాగా ఉంది.

"నిలవకపోతే?" అంది పార్వతి.

"అప్పుడు మాట్లాడదాం ఆంటీ."

ఆదివారం పొద్దున్నే, మనుషుల రద్దీ మొదలవకముందు, ఒక స్కాన్ సెంటరు వాళ్ళు భూరాకు చోటిచ్చారు. మత్తులో వాడిని మనుషుల బల్ల మీద పడుకోబెడితే చాలా చిన్నగా కనిపించాడు. బయట బెంచీ మీద పార్వతి మొదటిసారి ఏడ్చింది.

"కూలరు ఎదుట పడుకోబెట్టింది నేనే," అంది.

"గడ్డి మార్చనిది నేను."

"మీరు మార్చరని తెలిసి కూడా పడుకోబెట్టాను కదా."

కూలరు గడ్డి వల్లే వచ్చిందా అని తర్వాత మాధురిని అడిగాం. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు అంది. భిలాయిలో ప్రతి ఇంట్లో కూలరు ఉంది, ప్రతి కూలరులో తడి గడ్డి ఉంది, అందరూ ఆ గాలే పీలుస్తున్నారు. అయినా ఈ ఒక్క కుక్క ముక్కులోనే అది ఎందుకు వేళ్ళూనుకుందో తనకు తెలియదంది. పొడుగు మూతి కుక్కలకు ఎక్కువగా వస్తుంది, అంతవరకే తెలుసు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని మాత్రం గట్టిగా చెప్పింది.

స్కాన్ ఫొటోలో జల్లెడ కనిపించింది, వెంట్రుక పాటి తెల్లటి గీత. ఎడమ వైపు దానికి చాలా దగ్గరగా, ఎముక పోయి ఖాళీ అయిన నలుపు వచ్చి ఆగింది. మాధురి ఒక్కో ఫొటో జరుపుతూ చాలాసేపు చూసింది. ఆసుపత్రి హాల్లో ఎవరిదో పిల్లి అరుస్తోంది. "ఉంది, అంకుల్," అంది చివరికి. "పలచబడింది. కానీ ఉంది."

తర్వాతి వారం కెమెరా. లోపలికి ఒక్కరే రావచ్చన్నారు. పార్వతి లేచి నిలబడింది. నేను, "ఉండు, ఇలాంటివి చూడటం నాకు అలవాటు," అని లోపలికి వెళ్ళిపోయాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నీలం అద్దం పట్టుకుని కొలిమి కంతలోంచి లోపలి మంటను చూసినవాణ్ని నేను. ఆవిడ గొలుసు చేత్తో పట్టుకుని హాల్లో మిగిలిపోయింది.

కెమెరా గొట్టం కలం రీఫిల్లు పాటి సన్నం. ముందు బాగున్న వైపు, కుడి వైపు చూపించింది మాధురి. అది ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. తెర మీద తడి గులాబీ రంగు. చుట్టలు చుట్టలుగా, ఒక చుట్టలో ఇంకో చుట్ట, ఆ సందులో మరొకటి. ఉల్లిపొర పాటి ఎముకలు, వాటి మీద మెరిసే పొర. విప్పి పరిస్తే వాడి మూతి అంతా కప్పి ఇంకా మిగులుతుందట. వాడు నా షిఫ్టు బస్సును వీధి మలుపు తిరగకముందే పసిగట్టేది ఈ చుట్టల్లోనే. ఆ ముక్కును నేను రోజూ చేత్తో నిమిరాను. దాని లోపల ఇంత పని ఉందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

తర్వాత ఎడమ వైపు. కొంత దూరం చుట్టలు ఉన్నాయి. ఆ తర్వాత లేవు. ఒక గుహ. దాని నేల మీద, గోడల మీద, నెరిసిన దూదిలాంటి పరుపు. అక్కడక్కడ పచ్చటి నీడ, మూత సరిగా పెట్టని ఊరగాయ జాడీలో కనిపించేలాంటిది. భయపడాల్సిన చోట నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. ఎవరికీ కనబడని చోట, చీకట్లో, ఒక మెత్తటి ప్రాణి గట్టి ఎముకను తిని తనకు గది కట్టుకుంది. అది అందంగా ఉంది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉంది.

మాధురి అందులోంచి చిన్న ముక్క తీసింది. దాన్ని అద్దం మీద పెట్టి రంగు వేసి నన్ను సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచింది. సన్నటి గీతలు. ప్రతి గీతా కొంత దూరం పోయి ఏటవాలుగా రెండవుతోంది, అవి మళ్ళీ రెండు.

"మా చరోదా యార్డులా లేదూ?" అంది. "ఒక లైను రెండు లైన్లవడం. చిన్నప్పుడు ఫుట్‌బ్రిడ్జి మీంచి ఇలాగే కనబడేది. ఇప్పుడు చెప్పొచ్చు అంకుల్. ఇది బూజే."

పెద్ద ప్రయోగశాల నుంచి కూడా అదే మాట వచ్చాక మందు వేశారు. లోపలి పరుపునంతా గీకి తీసి, ముక్కు ముందూ వెనకా మూసేసి, మందు నింపి, వాడిని మత్తులోనే ఒక పక్కకు, వెల్లకిలా, మరో పక్కకు, బోర్లా తిప్పుతూ ఉంచారట, ప్రతి మూలకూ మందు తగలాలని. మమ్మల్ని రానివ్వలేదు. సాయంత్రానికి భూరా తూలుతూ బయటికి వచ్చి పార్వతి చెప్పుల మీద తల పెట్టి పడుకున్నాడు.

సెప్టెంబరు

రక్తం ఆగింది. భూరా తిండి తినసాగాడు. నేను పార్కులో కథ చెప్పసాగాను.

గుహ, దూది, యార్డు పట్టాలు, అన్నీ చెప్పాను. వినేవాళ్ళు నడక ఆపి వినేవారు. ఎవరో అడిగారు, "అసలు మీకు అనుమానం ఎలా వచ్చింది, రావుగారూ?" ఆ క్షణంలో నేను, "ముక్కు రంగు పోవడం చూశాను కదా," అన్నాను. చూశాను అనేది అబద్ధం కాదు, చూపిస్తే చూశాను. రెండో రోజు చెప్పినప్పుడు "పట్టేశాను" అయింది. గోడ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. విన్నవాళ్ళలో నాతోపాటు పనిచేసే మిశ్రా ఉన్నాడు. ఆయన ఇంట్లో ఒక తెల్ల స్పిట్జ్ ఉంది, స్నోయీ.

నెలాఖరులో మిశ్రా ఫోను చేశాడు. స్నోయీకి ముక్కులోంచి రక్తం. నేను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, "ఫంగస్సే భయ్యా. ఇక్కడ టైము వేస్టు చేయకు, రాయపూర్‌లో అపాయింట్‌మెంటు తీసుకో," అన్నాను. అపాయింట్‌మెంటు తర్వాతి వారానికి దొరికింది. ఆయన నా మాట నమ్మి ఆగాడు.

ఆ సంగతి పార్వతికి మిశ్రా భార్య ద్వారా తెలిసింది. నా ఎదుటే ఫోనులో అడుగుతోంది. "దీదీ, ఏక్ తరఫ్ సే యా దోనో తరఫ్ సే?" ఒక వైపా, రెండు వైపులా అని. రెండు వైపులా అట. చిగుళ్ళు చూడమంది. పాలిపోయి ఉన్నాయట. చెవుల వెనక చూడమంది. పిడుదులు. వెంటనే పవర్ హౌస్ డాక్టరు దగ్గరికి పరుగెత్తమంది. అది పిడుదుల జ్వరం. ఇంకొంచెం ఆగి ఉంటే దక్కేది కాదన్నారట. స్నోయీ కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి బతికింది. మిశ్రా ఇప్పటికీ నన్ను ఏమీ అనలేదు. పార్కులో ఎప్పటిలాగే పక్కన నడుస్తాడు.

పార్వతి ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"ముందు అన్నింటికీ నక్సీరన్నారు. ఇప్పుడు అన్నింటికీ ఫంగస్ అంటన్నారు," అంది. "మీకు ఏదో ఒక పేరుండాల అంతే. కుక్కని సూడరు."

ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. ఆ రోజు నేను ఆవిడకు పార్కులో నేను చెప్పిన కథ గురించి, అందులో గోడ సంగతి దాచడం గురించి చెప్పాను. "తెలుసు," అంది. "అందరూ వచ్చి మీ ఆయన భలే పట్టేశాడంటారు కదా. నేను అవునంటాను."

అందుకని మీకు నేను చెప్పగలిగింది ఇదే. ముక్కులోంచి రక్తం అంటే ఒక జబ్బు కాదు, చాలా జబ్బుల గుమ్మం. ఎండ అనుకుని ఆగకండి, ఫంగస్ అనుకుని కూడా ఆగకండి. మీ దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళి ముందు రక్తపరీక్ష చేయించండి. ఒక వైపు నుంచే వస్తోందా, ఎప్పటి నుంచి, ముక్కు రంగు మారిందా, మూతి ముట్టనిస్తోందా, ఇవి ఇంట్లో ఎవరు చూస్తున్నారో వాళ్ళనే తీసుకెళ్ళండి. నాలాంటివాణ్ని కాదు.

అక్టోబరు

మందు పనిచేసిందో లేదో పైకి చూసి చెప్పలేమని, మళ్ళీ కెమెరా పెట్టాలని మాధురి ముందే చెప్పింది. కొన్నిసార్లు అది మూలల్లో దాక్కుని తిరిగి వస్తుందట. వస్తే మళ్ళీ అదంతా చేయాలి, ఆ పలచటి జల్లెడ మళ్ళీ ఓర్చుకోవాలి. రాయపూర్ వెళ్ళే దారంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు. భూరా మాత్రం కారు కిటికీలోంచి మూతి బయటికి పెట్టి గాలి తాగాడు.

లోపలికి పిలిచారు. ఒక్కరే రావచ్చన్నారు. పార్వతి కుర్చీలోంచి కదలలేదు. కిందటిసారి లేచిన మనిషి ఈసారి లేవలేదు. నేను వెళ్తాననే అనుకుంది.

"నువ్వు వెళ్ళు," అన్నాను.

"నాకేటి తెలుస్తాది, ఆ టీవీలో?"

"నువ్వే వెళ్ళు."

గొలుసు నా చేతికిచ్చి వెళ్ళింది. ఆ హాల్లో కూర్చోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఎదురుగా తలుపు. లోపల స్టీలు పళ్ళెం చప్పుడు. ఎవరో నవ్వినట్టు వినిపిస్తే మంచిదేమో అనిపిస్తుంది, ఆగితే చెడ్డదేమో అనిపిస్తుంది. నా పక్కన ఒకాయన కుందేలుకు ముల్లంగి ఆకు తినిపిస్తూ, కూర్చోండి భాయ్‌సాబ్, కూర్చోండి అన్నాడు. నేను లేచి నిలబడ్డానని అప్పటిదాకా తెలియదు.

పార్వతి బయటికి వచ్చేసరికి మొహం తడిగా ఉంది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"బూజు లేదండీ. అంతా పోనాది," అంది. "ఎడం వేపు ఖాళీగా ఉంది. ఇల్లు ఖాళీ చేసీసి కడిగీసినట్టు. ఆ చుట్టలు మళ్ళీ రావంట. ఉన్న వేపుతోనే వాసన పట్టుకుంటాడంట. గోడకి ఒక మూల సన్నటి నరం ఉందండి, వాడి గుండె కొట్టుకున్నప్పుడల్లా అదీ కొట్టుకుంటంది. టీవీలో నేను దాన్నే సూత్తన్నాను."

చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"తర్వాత ఆ పిల్ల కుడి వేపు కూడా సూపించింది. అన్ని చుట్టలు, అంత పలచగా, ఒకదాన్లో ఒకటి. వాడి బుజ్జి మూతిలో అంత ఎవులు సుట్టినారండీ?"

నేను కిందటిసారి లోపల చూసిందంతా పార్కులో ఎంతమందికో చెప్పాను. పార్వతికి చెప్పలేదు. ఆవిడ ఇప్పుడు చెబుతోంది, చేతులతో గాలిలో చుట్టలు చుట్టి చూపిస్తోంది. మత్తు దిగుతున్న భూరాని ఇద్దరు మోసుకొచ్చి మా కాళ్ళ దగ్గర పడుకోబెట్టినా ఆపలేదు. కారెక్కాక కూడా ఆపలేదు. కుమ్హారీ దాటింది, చరోదా దాటింది, నేను వింటూనే ఉన్నాను.

వాడి ముక్కు నయమైందన్న సంగతి నాకు అలా తెలిసింది. అది చూసింది పార్వతి. నేను చూడలేదు.